సేటు చచ్చిపోయిన ఆట

ముగ్గురు పిల్లలను ఎండాకాలంలో ఒక రోజంతా ఇంట్లో కూచోబెట్టడం ఎంత పనో కన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, కననివాళ్ళకు చెప్పినా తెలియదు. కొట్టి కూచోబెడితే ఏడుస్తారు, బుజ్జగించి కూచోబెడితే నెత్తికెక్కుతారు, పోనీలే అని వదిలేస్తే కన్నుమూసి తెరిచేలోపు ఊరి అవతల తేలతారు. సోమక్క ఆ రోజు పొద్దున్నే వీధి తలుపు మూసి, గడియ పెట్టి, అది చాలదన్నట్టు రోకలి తెచ్చి తలుపుకు ఆనించి, పిల్లల వైపు తిరిగి నిలబడింది. పొద్దుగూకేదాకా వీళ్ళలో ఒక్కరు కూడా గడప దాటకూడదు. దాటితే తిన్నగా చావడి దగ్గరికే పోతారు. జనం ఎక్కడ మూగితే పిల్లల కాళ్ళు అక్కడికే కదా లాగేది! ఆ చావడి ముందర వాళ్ళ నాయిన చచ్చి పడి ఉన్నాడు.

పోశాలు ఒక్కడే కాదు, అతనితో ఇంకొంతమంది కూడా. గుట్టల వైపు తుపాకులు మోగిన సంగతి ఊరంతా విన్నదే. తెల్లవారేసరికి మిలిట్రీ వాళ్ళు శవాలను ఎడ్లబండి మీద వేసుకొచ్చి వేపచెట్టు కింద వరసగా పడుకోబెట్టారు. రజాకార్ల పీడ పోయిందిరా దేవుడా అని జనం ఊపిరి పీల్చుకున్నారో లేదో, యూనియన్ మిలిట్రీ వచ్చి దొర గడీలో క్యాంపు పెట్టింది. సంఘం వాళ్ళెవరు, దళంలో తిరిగేదెవరు, వాళ్ళకు అన్నం పెట్టేదెవరు అని తొర్రూరు చుట్టుపక్కల పల్లెలన్నీ దువ్వెనతో దువ్వినట్టు దువ్వుతోంది.

ఈ కబురు మోసుకొచ్చింది చాకలి గంగి. మాసిన బట్టల మూట చంకన పెట్టుకుని దొడ్డిదారిన వచ్చి, పొయ్యి ముందు కూచున్న సోమక్క పక్కన గొంతుక్కూచుంది.

“అక్కా, మనసు గట్టి జేస్కో. మొకాలు సూసెటట్టు లెవ్వు, గుండ్లు తాకి ఖరాబైనయి. కని పంచె నేను గుర్తువట్టిన. మీ మగ్గం మీద నేసిన ఎర్రంచు. నేనుతికిన బట్ట నాకెర్క గాదా అక్కా?”

సోమక్క పొయ్యిలో పుల్ల ఎగదోసింది. “గట్లనా,” అంది.

“ఏడ్వకు తల్లీ! నీ కాళ్ళు మొక్కుత, ఏడ్వకు. ఏడ్చినవంటె ఇల్లు గాలుస్తరు.”

“ఏడుస్తలేను గద.”

నిజంగానే ఆమె ఏడవడం లేదు. దానికి ఆమే ఆశ్చర్యపోయింది. గంజి పెట్టి ఎండలో ఆరేసిన నూలు లాగా లోపలంతా బిర్రబిగిసిపోయి ఉంది, ఎక్కడ తాకినా ఏమీ తెలియడం లేదు. గంగి పోయాక లేచి అంబలి కలిపింది, ఉప్పు చూసింది, చాలకపోతే ఇంకొంచెం వేసింది.

వెనకే దండోరా పడింది. ఇంటికొక పెద్దమనిషి చావడికి వచ్చి శవాలను చూసి పోవాలి. తమవాళ్ళని గుర్తుపడితే చెప్పాలి. దండోరా వేసేవాడు ఇంతే చెప్పాడు కానీ చెప్పనిది కూడా జనానికి తెలుసు. పక్క ఊళ్ళో ఇలాగే పడుకోబెడితే ఒక ఇల్లాలు మొగుణ్ణి చూసి గుండెలు బాదుకుంది. ఆ సాయంత్రమే ఇల్లు తగలబెట్టి, ఆమెనూ పిల్లలనూ లారీ ఎక్కించారు. వాళ్ళు ఏ క్యాంపులో ఉన్నారో, అసలు ఉన్నారో లేదో నేటికీ ఎవరూ ఎరగరు.

ఇక పోశాలు సంగతి. ఊరి లెక్కలో అతను షోలాపూర్ మిల్లులో నేత పనికి పోయాడు. సాలెవాళ్ళు షోలాపూర్ పోవడం వింతేమీ కాదు, ఇంటికొకడు పోతూనే ఉంటాడు. దళంలో తిరుగుతున్నాడన్న నిజం తెలిసినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. తెలియంది పోలీసు పటేలుకే. సంఘం జోరు మీద ఉన్నన్నాళ్ళు ఆ మహానుభావుడు జనగామలో బామ్మర్ది ఇంట్లో తలదాచుకుని, మిలిట్రీ లారీ ఎక్కి మీసం దువ్వుకుంటూ మొన్న మొన్ననే దిగాడు. పిల్లలకైతే నాయిన షోలాపూర్‌లోనే ఉన్నాడు. పిల్లల నోరు కట్టడం దేవుడి తరం కూడా కాదని సోమక్క వాళ్ళకు మొదటినుంచీ అదే చెప్పింది.

చావడికి పోవాల్సిన పెద్దమనిషి అత్త కొమురవ్వ. కొమురవ్వ ఏడుపంటే ఆ చుట్టుపక్కల ఒక పేరు. ఎవరింట్లో చావైనా ముందు ఆమెకు కబురొస్తుంది. కులం చూడదు, కోపతాపాలు చూడదు. పోయి పీనుగ కాళ్ళ దగ్గర కూచుని, వాడు పుట్టినప్పటినుంచీ చేసిన మంచీ చెడ్డా ఒక్కొక్కటే తీసి, పేరు పెట్టి పిలిచి ఏడుస్తుంటే, పాలివాళ్ళ మధ్య పగలు కూడా కరిగి కళ్ళనీళ్ళయ్యేవి. అలాంటి మనిషి కొడుకును చూసి ఏడవకుండా రావాలి.

“నాతోని అయితదా బిడ్డా?” అంది ముసలామె, కొంగు బిగించుకుంటూ.

“పిల్లల మొకాలు యాది జేస్కో అత్తా. నోట్లె ఏమన్న వెట్టుకో.”

కొమురవ్వ పొగాకు కాడ విరిచి బుగ్గన పెట్టుకుని దొడ్డిదారిన పోయింది. ఇక్కడ సోమక్కకు ముగ్గురు పిల్లలూ, ముందున్న పొద్దంతా మిగిలింది.

పిల్లలు దేవుళ్ళని కొందరంటారు. వాళ్ళెవరో ఎండాకాలంలో పిల్లలతో మూసిన తలుపు వెనక ఉండి ఎరగరు. పెద్దది భూదేవి. దానికి తొమ్మిదేళ్ళు, తొంభై ఏళ్ళ పెత్తనం. దాని వెనక గట్టయ్య, కాళ్ళు ఒకచోట నిలవని పిడుగు. చిన్నది చంద్రి, మాటలు ఇప్పుడిప్పుడే నేర్చి ఒక్కటీ వృథా పోనివ్వడం లేదు.

“తలుపెందుకు మూసినవే అవ్వా?” అన్నాడు గట్టయ్య తల్లితో.

“ఎండ. ఎండదెబ్బ తాకుతది.”

“నిన్న తాకలే, మొన్న తాకలే. ఇయ్యాలనే తాకుతదా?”

“ఇయ్యాల ఎక్కువున్నది.”

“సూస్తె గద తెలిసేది ఎక్కువున్నదో తక్కువున్నదో! జర తలుపు తియ్యి, సూసి చెప్త.”

వేరే రోజైతే వీపు మీద ఒకటి పడేది. ఇవాళ సోమక్క చింతగింజలు తెచ్చి నేల మీద పోసింది. అచ్చనగండ్లు ఆడారు. ఆమె చేతులు గింజలను ఎగరేశాయి, పట్టాయి, మళ్ళీ ఎగరేశాయి. ఎన్నిసార్లు ఆడినా ఆమే గెలిచింది. గెలుస్తున్నానన్న సంగతి కూడా ఆమెకు పట్టలేదు.

“అవ్వా, నువ్వు జర ఓడిపోవే!” అని చంద్రి కాళ్ళు నేలకేసి కొట్టింది.

సరేనని ఓడిపోయింది. ఓడిపోయినా పిల్లకు సంతోషం లేదు, కావాలని ఓడిపోయావని మళ్ళీ ఏడుపు. అచ్చనగండ్లు పోయి పులిమేక వచ్చింది. పులిమేకలో గట్టయ్య దొంగాట ఆడాడని భూదేవి వాడి జుట్టు పట్టింది. విడదీసి, తెగిన పోగులు ఏరి ఇద్దరి వేళ్ళకూ దారం చుట్టి గాలాలు, మంచాలు, వలలు కట్టించింది. అది కాసేపు. ఆ తర్వాత మగ్గం గుంటలో దిగి అది బావి అన్నారు, బావి పోయి రైలైంది. డోర్నకల్‌లో రైలు ఆగాలని ఒకరు, ఆగకూడదని ఒకరు, మళ్ళీ జుట్లు.

మధ్యలో వీధిలో లారీ చప్పుడైంది.

గట్టయ్య ఒక్క గెంతున గుంటలోంచి బయటపడి రోకలి మీద చెయ్యి వేశాడు. “అవ్వా, లారీ! ఒక్కసారి సూసొస్త. ఉరికిపోయి ఉరికొస్త. నీకు దండం వెడ్త!”

సోమక్క వాడి రెక్క పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో వాడి మొహం చూశాక కానీ ఆమెకు తెలియలేదు. వాడు ఏడవలేదు, బిత్తరపోయి చూశాడు.

“నాయిన షోలాపూర్ కెల్లి ఎప్పుడొస్తడు?” అన్నాడు చెయ్యి రుద్దుకుంటూ. “నాయిన ఉంటె సూపిస్తుండె లారీని.”

“వానలు వడ్డంక వస్తడు.”

ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో, నూలు కండె మీంచి పోగు జారినట్టు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా ఎంతోసేపు నిలవలేదు, వచ్చిన దారినే పోయింది.

ఎండ నెత్తిమీదికి వచ్చిన వేళకు కొమురవ్వ తిరిగొచ్చింది. దొడ్డి వాకిట్లో కాళ్ళు కడుక్కుని, బుగ్గన ఉన్న పొగాకు ఉమ్మేసి, నీళ్ళ కుండ పక్కన గోడకు జారగిలబడింది. పిల్లలు మగ్గం గుంటలో రైలు గొడవలో ఉన్నారు. సోమక్క చెంబుతో నీళ్ళిచ్చి పక్కన కూచుంది. ఆమె అడగలేదు. లోపల ఎక్కడో ఇంకా ఒక వెర్రి ఆశ, పంచె ఎవరికైనా ఇచ్చి ఉండొచ్చు కదా అని.

“కాలు సూసిన,” అంది కొమురవ్వ గొంతు తగ్గించి. “మగ్గం తొక్కీ తొక్కీ పెద్దేలు పక్కకు వంగలే? గదే కాలు. వాడే బిడ్డా.”

సోమక్క తల ఊపింది.

“నేను ఏడ్వలే.”

“మంచిగ జేసినవు అత్తా.”

“ఏం మంచి!” ముసలామె చెంబు నేలమీద పెట్టింది. “మనం తప్పు జేసినం. పటేలు కుర్సీ ఏసుకొని ఒక్కొక్కల మొకం సూస్తుండు. నేను సూసి తిరిగి వస్తుంటె నన్ను నిలవెట్టిండు. ‘ఏమే కొమురీ, ఊర్ల కుక్క సచ్చినా శోకం వెడ్తవు, ఇయ్యాల నీ కండ్లు ఎండిపోయినయా?’ అన్నడు. నాకు మాట రాలే. ఊకె వచ్చిన.”

సోమక్కకు అప్పుడు వెలిగింది. ఊరంతా ఏడుపు దిగమింగాల్సిన చోట, భయం లేకుండా నోరారా ఏడవగలిగిన మనిషి ఒక్క కొమురవ్వే. ఆమె ఏడుపును ఎవరు పట్టించుకుంటారు? కోడి కూసినట్టే అది కూడా. పోయి కొడుకు కాళ్ళ మీద పడి పేరొక్కటి తీయకుండా కరువుదీరా ఏడిస్తే, ఈమె అలవాటే ఇంత అని మిలిట్రీ వాళ్ళకు పటేలే చెప్పి ఉండేవాడు. ఆ ముసలిదానికి ఆ ఒక్క అదృష్టం ఉండింది. దాన్ని పొగాకు కుక్కి నోరు మూయించింది తనే.

“వస్తడంటవా పటేలు?” అంది.

“రాకుంట ఉంటడా వాడు?”

పారిపోదామంటే ఊరి నాలుగు దిక్కులా కాపలా. చేయడానికి ఏమీ లేదు. పిల్లలకు అంబలి పోశారు, మామిడికాయ తొక్కు నంజుకు పెట్టారు. తాగి మూతులు తుడుచుకోగానే మళ్ళీ మొదలు.

“ఇగ ఏం ఆడాలె?”

“ఏదన్న ఆడుకోండ్రి.”

“అన్ని ఆటలు అయిపోయినయి,” అన్నాడు గట్టయ్య, లోకంలో ఇక తనకేమీ మిగల్లేదన్నట్టు.

భూదేవి నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది. “సావాట ఆడుదమా? మొన్న కుమ్మరి తాతది సూసినం గద. గట్ల.”

పిల్లలు చావు ఆట ఆడితే ఏ తల్లి ఊరుకుంటుంది? ఛీ, అపశకునం, నోరు కడుక్కో అని మొట్టికాయ వేస్తుంది. సోమక్క కూడా నోరు తెరిచింది. తెరిచిన నోట్లోకి ఏ మాటా రాలేదు. కొమురవ్వ కూడా ఏమీ అనలేదు. పెద్దవాళ్ళు ఊరుకున్నారంటే పిల్లలకు అంతకన్నా ఏం కావాలి!

“సచ్చినోన్ని నేను,” అని గట్టయ్య మగ్గం పక్కన చల్లటి అలుకు నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. “సచ్చినోడు ఏం పని జెయ్యద్దు. సల్లగ పండుకోవాలె.”

“ఎవలు నువ్వు? కుమ్మరి తాతవా?” అంది భూదేవి.

“గాదు. షోలాపూర్ సేటును. మిల్లు నాదే.”

“సేటెందుకు సావాలె?”

“నీకు తెలివిలేదు,” అన్నాడు వాడు కళ్ళు మూసుకునే. “సేటు సస్తె మిల్లు బందు. మిల్లు బందైతె నాయిన ఇంటికొస్తడు.”

భూదేవికి అది నచ్చింది. తల్లి పాత చీర తెచ్చి తమ్ముడికి కప్పింది. చంద్రి చేతికి చెంబు ఇచ్చి అది నిప్పుకుండ అంది. తను చాట తిరగేసి డప్పు చేసుకుంది. ఆ తర్వాత నాయనమ్మ వైపు, తల్లి వైపు తిరిగింది.

“బాపమ్మా, నువ్వు సేటు తల్లివి. నీకు మంచిగ వస్తది, నువ్వే సురువు జెయ్యి. అవ్వా, నువ్వు సేటు పెండ్లానివి. బాపమ్మ ఎనుక నువ్వేడ్వాలె.”

“నాకు శాతగాదు పో,” అంది కొమురవ్వ.

“అందరి సావులకు వోతవు, మా ఆటకు రావా?” అంది మనవరాలు మూతి ముడిచి.

కొమురవ్వ మెల్లగా లేచి వచ్చింది. అలవాటు ప్రకారం కాళ్ళ దగ్గర కూచుంది. చీర కింది నుంచి బయటికి కనిపిస్తున్న మనవడి పాదాన్ని చేత్తో పట్టుకుంది. వాడికి చక్కిలిగిలి పుట్టి కదిలాడు. “సచ్చినోడు కదలద్దు!” అని భూదేవి చాట మీద కొట్టింది.

“ఓ కొడుకా...” అంది కొమురవ్వ.

అంతే. ఆ తర్వాత ఆమె ఎవరి మాటా వినలేదు.

“ఓ కొడుకా... కడుపు సల్లగ కంటి గదరా కొడుకా, కంటికి దూరమై తిరిగితివి కొడుకా... సల్లటి మగ్గం గుంటల కూసునేటోనివి, ముండ్ల రాళ్ళల్ల ఎందుకు పన్నవురా కొడుకా...”

“సేటు మగ్గం నేస్తడా బాపమ్మా? నేపిస్తడు గని,” అని భూదేవి సరిదిద్దింది.

“...అంబలి తాగిపోరా అంటె మల్లొస్తనంటివి కొడుకా, ఏ తల్లి కడుపు నింపినదిరా నిన్ను, ఏ సెట్టు నీడ గప్పినదిరా... నేను సస్తె నువ్వు మొయ్యాలె గదరా కొడుకా, నీకు నేను నీళ్ళన్న వొయ్యకపోతి కొడుకా...”

సోమక్క ఒక్కదాని కోసమే వింటోంది. తల్లి వేషం కాబట్టి కొడుకా అనొచ్చు. పేరు రాకూడదు. శోకంలో ప్రతి విరుపు దగ్గరా చచ్చినవాడి పేరు పడుతుంది, కొమురవ్వకు నలభై ఏళ్ళ అలవాటు అది. పేరు పడాల్సిన చోట ముసలామె ఊపిరి ఆపుతోంది, ఆపి మళ్ళీ ఎత్తుకుంటోంది. ఆ ఆగిన చోటల్లా సోమక్క తలుపు వైపు చూస్తోంది. బయట చావడి దాకా వినిపించేలా ఏడుస్తోంది, నోరు మూయించాలంటే చేతులు రావడం లేదు. మళ్ళీ మూయించనా, పొద్దున మూయించింది చాలదా అనిపించింది.

“అవ్వా, ఇగ నువ్వు,” అంది భూదేవి మోచేత్తో పొడిచి.

సోమక్క నోరు తెరిచింది. తెరిచి, “ఓ...” అంది. పాడుబడ్డ బావిలోకి చేద వేసినట్టు అది ఖాళీగా పోయి ఖాళీగా వచ్చింది.

“గట్ల గాదు. గట్టిగ!”

అప్పుడే తలుపు మీద కర్రతో కొట్టారు.

సోమక్క రోకలి తీసి పక్కన పెట్టి గడియ తీసింది. పోలీసు పటేలు, వెనక తుపాకీ భుజాన వేసుకున్న ఒక మిలిట్రీ అతను. పటేలు ఒక కాలు లోపల పెట్టి చీర కింద ఉన్న ఆకారాన్ని చూసి ఆగిపోయాడు.

“ఎవర్నే లోపల దాసింది? ఎవనికేడుస్తున్నరు?”

ఆ కేకకు పీనుగ లేచి కూచుంది. చీర నెత్తిన పడి, పళ్ళన్నీ బయటపెట్టి, “నేనే!” అంది.

మిలిట్రీ అతను ఒక్క అడుగు వెనక్కి వేసి, మరుక్షణం పకపకా నవ్వాడు. “క్యా హై యే?”

“బచ్చోంకా ఖేల్ సాబ్,” పిల్లల ఆటేనని చెప్పాడు పటేలు, తను నవ్వకుండా. కొమురవ్వ మొహం మీద కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. వాటినే చూస్తున్నాడు. “ఏమే కొమురీ, ఇవి ఆట కన్నీళ్ళా? ఆడ లెవ్వుగద, ఈడ ఎట్లొచ్చినయి?”

ముసలామె కొంగుతో ముక్కు చీదింది. “ఏడ్వద్దని మీరే భయం వెట్టిస్తిరి పటేలా. అంత మంది సచ్చి పడుంటె నా అసొంటి దానికి ఆగుతదా? మింగుకొని వచ్చిన. పోరగాండ్లు ఏడువుమన్నరు, ఏడుస్తున్న. తప్పయితె కొట్టున్రి.”

పటేలు నమ్మీ నమ్మనట్టు చూశాడు. గట్టయ్య వైపు తిరిగాడు. “ఏం రా, మీ అయ్య యాడున్నడు?”

“షోలాపూర్ల. ఇగ ఇంటికొస్తడు,” అన్నాడు వాడు.

“ఎందుకొస్తడు?”

“సేటు సచ్చిండు గద!” అన్నాడు, తన గుండె మీద చెయ్యి పెట్టి చూపిస్తూ.

మిలిట్రీ అతనికి అర్థం కాకపోయినా మళ్ళీ నవ్వాడు. పటేలు చూపు ఇప్పుడు సోమక్క మీదికి వచ్చింది. నుదుట బొట్టు, చేతుల గాజులు, ఎండిన కళ్ళు, అన్నీ చూశాడు.

“నువ్వేడ్వవా?”

సోమక్కకు బదులు భూదేవి అందుకుంది. ఆట పాడైందన్న ఉక్రోషం అంతా దాని గొంతులోనే ఉంది.

“మా అవ్వకు ఏడ్వ రాదు పటేలా! పెండ్లాం ఏషమిచ్చిన. ఎంత చెప్పినా ఏడుస్తలేదు. ఊకె సూస్తది. ఆటంత ఖరాబు జేస్తుంది.”

పటేలు సోమక్క మొహంలోకి ఇంకాసేపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. వెతికితే దొరికేదేమీ నిజంగానే లేదు. మొగుడు చచ్చిన ఆడది ఇలా ఉండదని అతనికి తెలుసు, ఎంతమందిని చూడలేదు! “నహీ సాబ్,” అన్నాడు వెనక్కి తిరిగి, చచ్చినవాళ్ళలో ఈమె మొగుడు లేడని తేల్చేసి. “ఇస్కా ఆద్మీ నహీ. చలో.”

వాళ్ళు పోయారు. సోమక్క గడియ పెట్టి, రోకలి ఆనించింది. ఇల్లు నిలిచింది, పిల్లలు నిలిచారు. సంతోషం వేయాలి కదా? వేయలేదు. తన ఎండిన మొహమే తమను కాపాడిందని ఆమెకు తెలుసు. ఆ మొహం అంటేనే ఆమెకు భయం పుట్టింది. పోశాలు మీద ప్రేమ లేదా నాకు? నేను రాత్రిళ్ళు దాచి పెట్టిన అన్నం, అతను పోతూ పోతూ పడుకున్న పిల్లల కాళ్ళు తడిమి పోవడం, ఇవన్నీ నావి కావా? నువ్వు ఏడవని పెళ్ళానివి అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు.

పొద్దుగూకే వేళకు చెరువు కట్ట అవతల పొగ లేచింది. అందరినీ ఒకే కట్టెల మీద వేశారని గంగి దొడ్డి గోడ మీంచి చెప్పిపోయింది. కొమురవ్వ ఆ దిక్కుకు తిరిగి ఒక దండం పెట్టి, చాప పరుచుకుని పడుకుంది. పొద్దున ఆమెను కమ్మి ఉన్నది దిగిపోయి, ముసలి మొహం కడిగినట్టుగా ఉంది. చంద్రి పోయి ఆమె పక్కన దూరింది. సోమక్క గోడకు కూచుని ఆ ఇద్దరినీ చూసింది. ఆ నిద్ర చూసి ఈర్ష్య పుట్టింది. అత్తను చూసి ఈర్ష్యపడే రోజొకటి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున కూడా తలుపు తెరవలేదు. చావడి ముందర నెత్తురు మట్టి ఇంకా ఎత్తిపోయలేదని గంగి చెప్పింది. పిల్లలు ముఖాలు కడుక్కుని, రోకలి వైపు చూసి, ఒకేసారి నీరుగారిపోయారు.

“ఇయ్యాల గూడనా!” అంది భూదేవి.

“ఇయ్యాల గూడ.”

“మరి ఏం ఆడాలె?”

సోమక్క వాళ్ళ ముందు కూచుంది. నడిరాత్రి ఎప్పుడో లోపల ఎక్కడో కొంచెం కదిలింది, గంజి తడిసిన పోగులా. ఇంకొంచెం కదిలితే వస్తుందేమోననిపించింది. పేరు అక్కర్లేదు, గాజులు తీయనక్కర్లేదు, బొట్టు చెరపనక్కర్లేదు. ఎవరైనా వచ్చి అడిగితే చెప్పుకోవడానికి పిల్లలున్నారు. ఆమెకు ఏడవడానికి ఈ దేశంలో ఇంకెక్కడా చోటు లేదు.

“నిన్నటి ఆటనే ఆడుదాం,” అంది. గొంతు బతిమాలుతున్నట్టు వచ్చింది. “సేటు ఆట. గట్టూ, నువ్వు పండుకో. నేను పెండ్లామైత. ఇయ్యాల మంచిగ ఏడుస్త.”

గట్టయ్య మొహం చిట్లించాడు. “ఛీ, గదెందుకు? నిన్న ఆడినం గద. పాతాట.”

“ఒక్కసారి బిడ్డా. ఒక్కసారే.”

“వద్దు,” అంది చంద్రి కూడా.

భూదేవి తల్లిని జాలిగా చూసింది, ఏమీ తెలియని చిన్నపిల్లకు చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. “సేటు నిన్ననే సచ్చిండు గదనే అవ్వా. సచ్చినోడు మల్ల ఎట్ల సస్తడు?”

సోమక్క దాని జుట్టు వెనక్కి సర్దింది. “నిజమే,” అంది. అని, ఇంకే ఆట ఉందా అని ఆలోచించడం మొదలుపెట్టింది.